ఇంటింటి రక్తపోటు సర్వే: ఇళ్ల జాబితా నుంచి గ్రామసభ దాకా

ఉచిత వైద్య శిబిరం పెట్టి 300 మందికి బీపీ చూశామని, వారిలో సగం మందికి ఎక్కువగా ఉందని, దాన్ని ఊరి లెక్కగా రాసుకోవచ్చా అని అడిగేవారు తరచుగా కనిపిస్తారు. రాసుకోకూడదు. శిబిరానికి వచ్చేది తలనొప్పో కళ్లు తిరగడమో ఉన్నవారు, ఇప్పటికే బిళ్లలు వాడుతున్నవారు, ఆ పూట పనికి వెళ్లని వారు. ఊరి లెక్క కావాలంటే మనమే ఇంటింటికీ వెళ్లాలి. ఏ ఇంటికి వెళ్లాలన్నది మన ఇష్టాన్ని బట్టి కాక ముందే రాసుకున్న ఒక పద్ధతిని బట్టి నిర్ణయం కావాలి.

ఒకే గ్రామంలో 30 ఏళ్లు నిండిన వారి రక్తపోటును కొలవదలచిన చిన్న బృందం కోసం ఈ మార్గదర్శిని రాశాను. కళాశాల విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బంది ఎవరైనా దీన్ని అనుసరించవచ్చు. ఉదాహరణ కోసం 600 ఇళ్లు, 30 దాటిన వారు 1,200 మంది ఉన్న ఒక ఊరిని ఊహించుకుందాం. కింద వచ్చే లెక్కలన్నీ ఆ ఊహా గ్రామానివే.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోవడం

సర్వే మొదలుపెట్టే ముందు బృందమంతా కూర్చుని, మనం తేల్చదలచిన ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయాలి. ఉదాహరణకు: "ఈ గ్రామంలో ఆరు నెలలకు పైగా నివసిస్తున్న, 30 ఏళ్లు నిండిన వారిలో పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉన్నవారు, లేదా ఇప్పటికే రక్తపోటుకు మందులు వాడుతున్నవారు ఎంత శాతం?"

ఈ వాక్యంలో ప్రతి ముక్కకూ పని ఉంది. ఆరు నెలల షరతు లేకపోతే సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన కొడుకును లెక్కలో చేర్చాలా వద్దా అన్న తగాదా ఇంటి ముందే మొదలవుతుంది. "మందులు వాడుతున్నవారు" అన్న ముక్క లేకపోతే, మందుల వల్ల 124/78కి దిగిన మనిషిని ఆరోగ్యవంతుల ఖాతాలో వేస్తాం.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, ఇదే సర్వేతో కారణాన్ని కూడా తేల్చేయాలనుకోవడం. ఒకసారి వెళ్లి కొలిచి వచ్చే సర్వే ఎంతమందికి ఉందో చెబుతుంది. ఎందుకు వచ్చిందో చెప్పలేదు. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా కనిపించే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సర్వే చేశామనుకోండి. రక్తపోటు వల్ల మూత్రపిండాలు దెబ్బతింటాయి, దెబ్బతిన్న మూత్రపిండాల వల్ల కూడా రక్తపోటు పెరుగుతుంది. ఒక మనిషిలో రెండూ ఒకే రోజు కనిపించినప్పుడు ఏది ముందు వచ్చిందో ఆ రోజు కొలత చెప్పదు. కాబట్టి నివేదికలో "ఫలానా దానివల్ల వచ్చింది" అనే మాటకు చోటు లేదని మొదటి రోజే ఒప్పుకుంటే, ప్రశ్నావళి సగానికి తగ్గుతుంది.

2. అనుమతులు

ఫలితాలను పరిశోధనగా రాయాలనుకుంటే, భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన జాతీయ నైతిక మార్గదర్శకాల ప్రకారం నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) ఆమోదం ముందే తీసుకోవాలి. సర్వే పూర్తయ్యాక అడిగితే ఇవ్వరు. సొంత నైతిక సంఘం లేని సంస్థలు దగ్గర్లోని వైద్య కళాశాలతో కలిసి పనిచేయడం మేలు.

ఆ తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని, సర్పంచును, గ్రామ ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను కలవాలి. ఈ నలుగురిలో ఆశా కార్యకర్తను చివరకు వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. ఏ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉంటారో, ఏ ఇంట్లో ఇటీవల చావు జరిగిందో, ఎవరి ఇంటికి ఎవరితో కలిసి వెళ్లకూడదో ఆమెకే తెలుసు. అయితే కొలతల సమయంలో ఆమెను పక్కన నిలబెట్టుకోకూడదు. "మందులు మానేశాను" అన్న సంగతిని ప్రతి నెలా తన ఇంటికి వచ్చే ఆశా ముందు ఎవరూ ఒప్పుకోరు.

బయలుదేరే ముందు చూసుకోవలసినవి:
- నైతిక సంఘం ఆమోద పత్రం నకలు
- వైద్యాధికారి సంతకంతో కూడిన పరిచయ లేఖ
- తెలుగులో సమ్మతి పత్రం, చదవలేని వారికి చదివి వినిపించినప్పుడు సాక్షి సంతకానికి చోటు
- రక్తపోటు ఎక్కువ వచ్చినవారిని ఎక్కడికి, ఏ రోజు పంపాలో వైద్యాధికారితో కుదిరిన మాట

చివరి అంశం లేకుండా ఒక్క ఇంటికి కూడా వెళ్లకూడదు. 190 అంకె చూపించి, ఏం చేయాలో చెప్పకుండా వచ్చేయడం కంటే అసలు కొలవకపోవడమే నయం.

3. ఇళ్ల జాబితాను మనమే తయారు చేసుకోవడం

పంచాయతీ ఇంటి పన్ను పుస్తకంతో మొదలుపెట్టవచ్చు గానీ దానితోనే ఆగకూడదు. కొత్తగా కట్టిన ఇళ్లకు అందులో నంబరు ఉండదు, ఒకే నంబరు కింద విడిపోయిన ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు ఉంటాయి. కాలనీ చివరి రేకుల ఇళ్లు, చెరువు గట్టు మీది గుడిసెలు, ఊరికి కిలోమీటరు దూరంలోని తండా లేదా గూడెం, ఇటుక బట్టీ దగ్గర ఏడాదిలో చాలా భాగం ఉండే కుటుంబాలు ఆ పుస్తకంలో దొరకవు. వైద్యం అందడం కష్టమైనవారు ఎక్కువగా ఉండేది కూడా అక్కడే.

క్రమం ఇది. ఆశా కార్యకర్తతో ఊరంతా నడిచి చేతితో పటం గీయండి. గుడి, బడి, ట్యాంకు, బోరు వంటి గుర్తులు పెట్టండి. ఊరి ఈశాన్య మూల నుంచి మొదలుపెట్టి, ప్రతి వీధిలో మీ కుడి చేతి వైపు గోడను విడవకుండా నడుస్తూ, ఒక్కొక్క పొయ్యికి ఒక నంబరు చొప్పున సుద్దముక్కతో గుమ్మం పక్కన వేయండి. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలుంటే రెండు ఇళ్లు. ముగ్గు మీద, కడిగిన గడప మీద నంబరు వేయకండి. మరునాటికి ఉండదు, పైగా ఇల్లాలికి కోపం వస్తుంది.

600 ఇళ్ల ఊరికి ఈ పని ఇద్దరికి రెండు మూడు రోజులు పడుతుంది. తొందరలో ఉన్న బృందాలు ముందుగా కోత పెట్టేది ఈ రోజులకే. తరువాత ఎంత జాగ్రత్తగా కొలిచినా జాబితాలో లేని ఇల్లు ఫలితంలోకి రాదు.

4. ఎంతమందిని, ఏ ఇళ్లను తీసుకోవాలి

నమూనా పరిమాణానికి సూత్రం సులభమే. ఎంత శాతం ఉండవచ్చో ఒక అంచనా తీసుకుంటాం, 30 శాతం అనుకుందాం. ఫలితం అటు ఇటు 5 శాతం తేడాలో ఉండాలని కోరుకుంటాం. కింద వచ్చే 3.84 అన్నది 95 శాతం నమ్మకానికి వాడే స్థిర సంఖ్య (1.96 × 1.96).

- 3.84 × 0.30 × 0.70 ÷ (0.05 × 0.05) = సుమారు 323 మంది
- ఊళ్లో మొత్తం 1,200 మందే కాబట్టి సవరణ: 323 ÷ (1 + 322 ÷ 1200) = సుమారు 255
- పదింట ఒకరు దొరకరనో ఒప్పుకోరనో అనుకుంటే: 255 ÷ 0.9 = సుమారు 284

అంచనాకు ఏ ఆధారమూ లేకపోతే 50 శాతం తీసుకోండి. అప్పుడు మొదటి వరుసలో 384 వస్తుంది. ఒకే ఊరు కాకుండా మండలంలోని కొన్ని ఊళ్లను ఎంచుకుని చేస్తే ఈ లెక్క చాలదు. ఒకే ఊరివారు తిండిలోనూ అలవాట్లలోనూ ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి నమూనాను ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెంచాలి.

మన ఊహా గ్రామంలో ఇంటికి సగటున ఇద్దరు 30 దాటినవారు ఉన్నారు. 284 మందికి 142 ఇళ్లు కావాలి. 600ని 142తో భాగిస్తే 4 పైచిలుకు వస్తుంది కాబట్టి నాలుగింటికి ఒక ఇల్లు, అంటే 150 ఇళ్లు. 1 నుంచి 4 వరకు చీటీలు వేసి ఒకటి తీయండి. 3 వచ్చిందనుకుంటే 3, 7, 11 అలా 599 వరకు. ఈ జాబితాను ఆ రోజే సంతకాలు చేసి దాచండి, ఇక మార్చకూడదు.

ఎంపికైన ఇంట్లో 30 నిండిన అందరినీ తీసుకోండి. ఇంటికొకరిని మాత్రమే తీసుకునే పద్ధతిలో, ఒక్కరే ఉన్న ఇంటివారికీ ఐదుగురున్న ఇంటివారికీ ఎంపికయ్యే అవకాశం వేరువేరుగా ఉంటుంది. దాన్ని తరువాత భారాలు (వెయిట్లు) వేసి సరిదిద్దాలి. చిన్న బృందానికి ఆ తలనొప్పి అక్కర్లేదు.

5. ప్రశ్నావళి: మనం అడిగిన మాట, వాళ్లు విన్న మాట

ఇంగ్లిషు ప్రశ్నావళిని తెలుగులోకి దించుకుని ఊరిమీద పడితే ఎక్కడ బోల్తా పడతామో కొన్ని ఉదాహరణలు చూపిస్తాను.

"మీకు బీపీ ఉందా?" అని అడిగితే, బిళ్ల వేసుకుంటున్న పెద్దమనిషి "ఇప్పుడు లేదండీ, అదుపులో ఉంది" అంటారు. పక్కనున్న మనవడు "తాతకు మాటమాటకీ బీపీ లేస్తుంది" అని నవ్వుతాడు, ఎందుకంటే మన వాడుకలో బీపీ అంటే కోపం కూడా. కాబట్టి ఒకే ప్రశ్నను మూడుగా విడగొట్టి, ఇదే వరుసలో అడగాలి:

- మీకు ఎప్పుడైనా చేతికి పట్టీ కట్టి బీపీ చూశారా?
- డాక్టరు గానీ నర్సు గానీ మీకు బీపీ ఎక్కువగా ఉందని చెప్పారా?
- గత రెండు వారాల్లో దానికోసం ఏవైనా బిళ్లలు వేసుకున్నారా? ఒకసారి ఆ బిళ్లల అట్ట చూపిస్తారా?

అట్ట చూడడం తప్పనిసరి. కొందరు షుగరు బిళ్లనే బీపీ బిళ్ల అనుకుంటారు. తెలంగాణలో "గోళీలు" అంటే చటుక్కున అర్థమయ్యేది, కోస్తాలో "బిళ్లలు" అంటేనే అర్థమవుతుంది. మీ ఊరి మాటనే ప్రశ్నావళిలో పెట్టండి. "మందు" అన్న ఒంటి మాటను మాత్రం ఎక్కడా వాడకండి. "మీరు మందు తీసుకుంటారా?" అన్న ప్రశ్నకు ఒకాయన "దేవుడి దయ వల్ల ఆ అలవాటు లేదు" అని జవాబిస్తే, అది "చికిత్స తీసుకోవడం లేదు" అని నమోదవుతుంది.

పొగాకు సంగతి ఇంకా చిక్కు. "సిగరెట్టు తాగుతారా?" అని ఆడవారిని అడిగితే అందరూ లేదనే అంటారు. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటున్న పెద్ద వయసు స్త్రీలకు ఆ ప్రశ్న తగలదు. చుట్ట, అడ్డపొగ, బీడీ, ఖైనీ, గుట్కా, ముక్కుపొడి ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగాలి. కల్లు, సారా, బ్రాందీ కూడా అంతే. కల్లును చాలామంది తాగుడు కింద లెక్కవేయరు.

ఉప్పు గురించి ఒక మాట. నెలకు ఎన్ని ఉప్పు ప్యాకెట్లు కొంటారని అడిగి, ఇంట్లో మందితో భాగించే పద్ధతి మనకు సరిపోదు. వేసవిలో ఆవకాయకు, మాగాయకు కల్లుప్పు ఒకేసారి కొంటారు, అది ఏడాదంతా అన్నంలోకి వస్తుంది. ఎండుచేపల ఉప్పు ఏ ప్యాకెట్‌లోనూ కనిపించదు. ఒక మనిషి తినే ఉప్పును నమ్మకంగా కొలవాలంటే 24 గంటల మూత్రాన్ని సేకరించి సోడియం చూడాలి. అది చిన్న బృందానికి సాధ్యం కాదు. కాబట్టి నిన్న ఎన్నిసార్లు పచ్చడి, అప్పడం, ఎండుచేప, ఉప్పు వేసిన మజ్జిగ తీసుకున్నారో అడిగి అంతటితో ఆపండి. దాన్ని గ్రాముల్లోకి మార్చి, రోజుకు 5 గ్రాముల లోపు అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనతో పోల్చే సాహసం చేయకండి.

వయసు తెలియని పెద్దలకు సంఘటనల పట్టిక ముందే రాసుకోండి. కృష్ణా జిల్లాలో అయితే 1977 దివిసీమ ఉప్పెన, గోదావరి జిల్లాల్లో 1986 వరదలు, కోనసీమలో 1996 తుఫాను, ఎక్కడైనా 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి కావడం. "అప్పటికి మీకు పెళ్లయిందా, పెద్దబ్బాయి పుట్టాడా?" అని అడిగితే రెండు మూడేళ్ల తేడాతో వయసు తేలుతుంది. ఆధార్ కార్డులోని పుట్టిన తేదీ చాలామంది పెద్దలకు జనవరి 1గానో జూలై 1గానో ఉంటే, అది కూడా ఎవరో అంచనా వేసి రాసిందేనని గుర్తుంచుకోండి.

మోకాళ్ల నొప్పులకు వాడే బిళ్లలు, ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే సూదులు కూడా అడగాలి. కొన్ని నొప్పి మందులు రక్తపోటును పెంచుతాయి.

ప్రశ్నావళి పూర్తయ్యాక, మన సర్వేలో లేని పక్క ఊళ్లో 20 మందిపై ప్రయోగించి చూడండి. ప్రశ్నను రెండోసారి చదవాల్సి వచ్చిన ప్రతి చోటా ఆ ప్రశ్న తప్పే, వినేవారిది కాదు.

6. పరికరం, శిక్షణ

పైచేతికి పట్టీ కట్టే ఆటోమేటిక్ యంత్రాన్నే వాడండి. మణికట్టుకు కట్టేవి వద్దు. ఖచ్చితత్వం పరీక్షలో నెగ్గిన మోడళ్ల జాబితా స్ట్రైడ్ బీపీ వెబ్‌సైట్‌లో ఉంటుంది; కొనే ముందు మోడల్ నంబరుతో సరిచూసుకోండి.

అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది పట్టీ కొలత. మామూలు పట్టీ సుమారు 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి. అంతకంటే లావుపాటి చేతికి అదే కట్టితే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి ప్రతి జట్టు దగ్గరా పెద్ద పట్టీ, దర్జీ టేపు ఉండాలి.

జట్టుకు ఇద్దరు, వారిలో ఒకరు తప్పకుండా మహిళ. రెండు రోజుల శిక్షణ తరువాత, ప్రతి ఒక్కరూ అదే పది మందికి కొలిచి చూపించాలి. ఒకరి సగటు మిగతా వారి కంటే అదే పనిగా ఎక్కువో తక్కువో వస్తుంటే, తప్పు వారి పద్ధతిలో ఉందా యంత్రంలో ఉందా అని యంత్రాలు మార్చి చూడాలి.

ప్రతి జట్టు సంచిలో:
- యంత్రం, మామూలు పట్టీ, పెద్ద పట్టీ, అదనపు బ్యాటరీలు
- దర్జీ టేపు, చిన్న దిండు
- గడియారం (ఫోను తీస్తే మాటలు మొదలవుతాయి)
- సమ్మతి పత్రాలు, రిఫరల్ చీటీలు, ఇళ్ల జాబితా

7. ఇంటి దగ్గర కొలత: ఈ వరుస తప్పకూడదు

మొదట సమ్మతి. తరువాత ప్రశ్నలు. ఆ తరువాతే కొలత. ప్రశ్నలు అడిగే పావుగంటలో మనిషి కుదుటపడతాడు కదా అని వెంటనే పట్టీ కట్టకండి. మాట్లాడుతున్నంతసేపూ విశ్రాంతి కిందికి రాదు.

(అ) గత అరగంటలో టీ, కాఫీ, పొగ, శ్రమ ఏవైనా ఉన్నాయా అడగండి. ఉంటే ఆ ఇంట్లో మరొకరితో మొదలుపెట్టండి. అతిథి మర్యాదకు టీ పెడతారు, మీతో పాటు వాళ్లూ తాగుతారు. కాబట్టి కొలతలు అయ్యాకే టీ అని నవ్వుతూ ముందే చెప్పండి.

(ఆ) మూత్రానికి వెళ్లి రమ్మనండి.

(ఇ) వీపు ఆనే కుర్చీలో కూర్చోబెట్టండి. పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేయకూడదు. నులక మంచం అంచున కూర్చుంటే వీపుకు ఆసరా ఉండదు; నేల మీద కూర్చుని చేయి పక్కన ఆనిస్తే చేయి గుండెకు కిందికి పోతుంది. చేయి 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె సుమారు 8 ఎక్కువ వస్తుంది. ఆ ఒక్క పొరపాటు 134ను 142 చేస్తుంది, అంటే ఆరోగ్యవంతుణ్ని రోగుల లెక్కలో చేరుస్తుంది. చేతి కింద దిండు పెట్టి పట్టీని గుండె ఎత్తుకు తీసుకురండి.

(ఈ) మోచేతి మడతకు రెండు వేళ్లు పైన పట్టీ కట్టండి. జాకెట్టు చేయి పైకి లాగినప్పుడు అది తాడులా బిగుసుకుంటే అంకె తప్పు వస్తుంది. లోపలి గదిలో, జట్టులోని మహిళ కొలవాలి. డయాలసిస్ కోసం నరం కలిపిన చేతికి ఎప్పుడూ కట్టకూడదు. మిగతా అందరికీ ముందే నిర్ణయించిన ఒకే చేయి.

(ఉ) ఐదు నిమిషాలు నిశ్శబ్దం. టీవీ ఆపమని అడగండి. చుట్టూ చేరిన పిల్లలను జట్టులోని రెండో మనిషి బయటికి తీసుకెళ్లి మాటల్లో పెట్టాలి; రెండో మనిషి ఉన్నదే అందుకని నాకనిపిస్తుంది.

(ఊ) మూడుసార్లు కొలవండి, కొలతకూ కొలతకూ మధ్య మూడు నిమిషాల విరామం. మూడూ రాయండి. లెక్కకు రెండో, మూడో కొలతల సగటు తీసుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టెప్స్ సర్వేల పద్ధతి ఇదే. మొదటి కొలత బెరుకుతో ఎక్కువగా రావడం మామూలు.

తెర మీది అంకెను ఉన్నది ఉన్నట్టే రాయాలి. 138ని 140గా గుండ్రం చేయడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మన గీత సరిగ్గా 140 దగ్గరే ఉంది.

గర్భిణులకు కొలిచి అవసరమైతే ఏఎన్ఎంకు చెప్పండి, లెక్కలో మాత్రం కలపకండి.

8. తాళం వేసిన ఇళ్లు

మొదటి సర్వేలో నేనూ చేసిన తప్పు ఇది. ఎంపికైన ఇంటికి తాళం ఉంటే పక్కింటికి వెళ్లాం. పని చకచకా సాగింది, అనుకున్న సంఖ్య అనుకున్న రోజుకు వచ్చింది. చివరికి చూస్తే ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు, మగవారిలో ఎక్కువమంది 60 దాటినవారు. పగలు ఇంట్లో ఉండేవారి రక్తపోటును కొలిచి, దానికి ఊరి పేరు పెట్టాం.

పక్కిల్లు బదులు కాదు. తాళం వేసిన ఇంట్లోని మనిషి కూలికో, ఆటో నడపడానికో, పట్నంలో కాపలా పనికో వెళ్లి ఉంటాడు. అతని వయసు, పని, తాగుడు, ఆసుపత్రికి వెళ్లే తీరిక పక్కింట్లో కూర్చున్నవారి లాంటివి కావు.

చేయవలసింది ఇది:
- ఒక్కో ఇంటికి కనీసం మూడుసార్లు, మూడు వేర్వేరు వేళల్లో వెళ్లాలి: తెల్లవారి 6 నుంచి 8, సాయంత్రం 6 నుంచి 8, ఒక ఆదివారం.
- నాట్లు, పత్తి తీత, కోతల వారాల్లో సర్వే పెట్టుకోకూడదు. పండుగ వారాలు కూడా వద్దు.
- ఉపాధి హామీ పని సాగుతున్న రోజుల్లో వాళ్లు పని నుంచి తిరిగి వచ్చే వేళ తెలుసుకోవాలి. పని చేసి వచ్చినవారికి వెంటనే కొలవకూడదు, అరగంట ఆగాలి.
- ప్రతి ఇంటికీ ఒక గుర్తు రాయాలి: పూర్తయింది, కొందరే దొరికారు, తాళం, నిరాకరించారు, ఇల్లు ఖాళీ.
- దొరకనివారి వయసు, స్త్రీయా పురుషుడా అన్నది ఇంట్లోవారినో పొరుగువారినో అడిగి రాసుకోవాలి. తరువాత పనికొస్తుంది.

రోజుకు ఒక జట్టు పది ఇళ్లు చేయగలదు. మూడు జట్లుంటే 150 ఇళ్లకు ఐదు రోజులు. తిరిగి వెళ్లే పనికి మరో నాలుగు రోజులు పక్కన పెట్టండి. ఖర్చు తగ్గించాలంటే ప్రశ్నలు తగ్గించండి, ఈ నాలుగు రోజులను ముట్టుకోకండి.

9. అంకె ఎక్కువ వచ్చినప్పుడు

ఒక్క రోజు కొలతతో ఎవరికీ "మీకు బీపీ జబ్బు ఉంది" అని చెప్పకూడదు. "ఈ రోజు ఎక్కువగా ఉంది, ఆసుపత్రిలో మళ్లీ చూపించుకోండి" అని చెప్పి, మూడు కొలతలూ రాసిన చీటీ చేతికివ్వాలి.

- 140/90 నుంచి 179/109 వరకు: ఒకటి రెండు వారాల్లోపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, లేదా ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి.
- పై అంకె 180 గానీ కింది అంకె 110 గానీ, అంతకు మించి గానీ ఉంటే: అదే రోజు డాక్టరు దగ్గరికి, తోడు మనిషితో.
- ఆ స్థాయిలో ఉండి ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మూతి వంకర, ఒక వైపు చేయి కాలు పట్టు తప్పడం ఉంటే: వెంటనే 108కి ఫోను చేయాలి, అంబులెన్సు వచ్చే దాకా జట్టు అక్కడే ఉండాలి. మూతి వంకర, చేయి కాలు పట్టు తప్పడం అంకె ఎంత ఉన్నా పక్షవాతం గుర్తులే.

మన దగ్గర ఉన్న బిళ్లను గానీ, పక్కింటివారి బిళ్లను గానీ ఇవ్వడానికి వీల్లేదు. వాడుతున్న బిళ్ల మానేయమని చెప్పడానికీ వీల్లేదు.

10. నమోదు, రోజువారీ తనిఖీ

కోబో టూల్‌బాక్స్, ఎపికలెక్ట్ వంటి ఉచిత అనువర్తనాలు ఫోనులో సిగ్నల్ లేకపోయినా పనిచేస్తాయి. పై అంకె 70 నుంచి 270, కింది అంకె 40 నుంచి 150 దాటితే హెచ్చరించేలా ముందే అమర్చుకోండి. పేర్లు, ఫోను నంబర్లు ఒక పుస్తకంలో, జవాబులు మరో చోట ఉండాలి. రెంటినీ కలిపేది ఒక సంకేత సంఖ్య మాత్రమే.

రోజూ రాత్రి పావుగంట కూర్చుని మూడు విషయాలు చూడండి. కొలతల చివరి అంకెల్లో 0, 5 మరీ ఎక్కువగా ఉన్నాయా? వయసులు 40, 45, 50 దగ్గర గుంపు కట్టాయా? ఒకే మనిషికి మూడు కొలతలూ అచ్చంగా ఒకటే ఉన్నాయా? మూడోది పదే పదే కనిపిస్తే ఆ జట్టు ఒక్కసారే కొలుస్తోందన్నమాట. పర్యవేక్షకుడు పదింట ఒక ఇంటికి మళ్లీ వెళ్లి, ఎన్నిసార్లు పట్టీ కట్టారని అడిగితే విషయం తేలుతుంది.

11. లెక్క

సర్వేలో 300 మంది దొరికారనుకుందాం: 100 మంది పురుషులు, 200 మంది స్త్రీలు. పురుషుల్లో 40 మందికి, స్త్రీలలో 56 మందికి రక్తపోటు ఉంది. నేరుగా లెక్కిస్తే 300లో 96, అంటే 32 శాతం.

కానీ ఇళ్ల జాబితా ప్రకారం ఊళ్లో స్త్రీ పురుషులు సగం సగం. పురుషుల్లో 40 శాతం, స్త్రీలలో 28 శాతం కాబట్టి ఊరికి సరైన సంఖ్య రెంటి సగటు, 34 శాతం. దొరకని మగవారు దొరికినవారిలాగే ఉంటారన్న నమ్మకం మీద ఈ సవరణ నిలబడి ఉంది. అది చాలాసార్లు నిజం కాదు. అందుకే తాళాల అధ్యాయానికి అంత చోటిచ్చాను.

సంఖ్యతో పాటు దాని హద్దులు కూడా రాయాలి. ఉదాహరణకు సవరించక ముందు వచ్చిన 32 శాతానికి, 300 మంది లెక్కన, అటు ఇటు సుమారు 5 శాతం, అంటే 27 నుంచి 37 మధ్య. "32.0 శాతం" అని దశాంశం పెట్టి రాస్తే లేని ఖచ్చితత్వాన్ని ప్రదర్శించినట్టే.

మొత్తం శాతం కంటే వైద్యాధికారికి ఎక్కువ పనికొచ్చేది మెట్ల లెక్క: రక్తపోటు ఉన్న 96 మందిలో తమకుందని తెలిసినవారు ఎందరు, వారిలో బిళ్లలు వేసుకుంటున్నవారు ఎందరు, వారిలో 140/90 కంటే తక్కువకు దిగినవారు ఎందరు. తెలియనివారే ఎక్కువగా ఉంటే ఇంటింటి పరీక్ష కావాలి. తెలిసీ వాడనివారు ఎక్కువగా ఉంటే బిళ్లలు అందుతున్నాయో లేదో చూడాలి. వాడుతున్నా దిగకపోతే మోతాదు సంగతి డాక్టరు చూడాలి. ఈ మూడింటికీ చేయవలసిన పని వేరు.

12. ఊరికి తిరిగి చెప్పడం

నివేదిక పూర్తయిన నెలలోపు గ్రామసభలోనో, ఆరోగ్య కార్యకర్తల సమావేశంలోనో పది నిమిషాల్లో ఫలితాలు చెప్పండి. శాతాలకు బదులు "పది మందిలో ముగ్గురు" అనండి. వీధులవారీగా, కులాలవారీగా విడగొట్టి చెప్పకండి. ఐదుగురి కంటే తక్కువ ఉన్న ఏ గుంపు లెక్కా బయటికి రాకూడదు. పదిళ్ల వీధిలో "నలుగురికి ఉంది" అంటే ఆ నలుగురు ఎవరో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

వైద్యాధికారికి ఇవ్వవలసినవి వేరు:
- మెట్ల లెక్కతో రెండు పేజీల నివేదిక
- పేరు ఇవ్వడానికి సమ్మతించిన, ఎక్కువ అంకె వచ్చినవారి జాబితా, ఒక ప్రతి ఏఎన్ఎంకు
- వారిలో ఎందరు ఆసుపత్రికి వెళ్లారో మూడు నెలల తరువాత ఫోను చేసి కనుక్కున్న వివరం
- మూడుసార్లు వెళ్లినా తాళం తీయని ఇళ్ల నంబర్లు, ఆ ఇంటివారు దొరికే వేళ తెలిసినంత మేరకు పక్కనే రాసి